భయానికి ముఖద్వారం: దయ్యాల చిత్రాల డిస్కు మెనూ

నాటకం ఆరంభం కావడానికి ముందే ప్రేక్షకుని మనస్సును సిద్ధపరచవలసి ఉంటుందన్న విషయం మన పూర్వులకు బాగా తెలుసు. భరతుని నాట్యశాస్త్రంలో అయిదవ అధ్యాయమంతా పూర్వరంగాన్ని గూర్చినదే. పూర్వరంగానికి పందొమ్మిది అంగాలు చెప్పి, వాటిలో తొమ్మిదింటిని తెర వెనుకనే జరపాలని భరతుడు నిర్దేశించాడు. వాద్యాలను సమకూర్చుకోవడం, గాయకులు కూర్చోవడం, శ్రుతి చేసుకోవడం వంటివి ప్రేక్షకుడికి కనిపించవు, వినిపిస్తాయి. కనబడకుండా వినబడే ఆ ధ్వనుల వలన అతని మనస్సు బయటి పనులను వదలి రంగస్థలం వైపు మళ్లుతుంది.

సినిమాహాలులో ఈ పనిని అనేక విషయాలు పంచుకుంటాయి. టిక్కెట్టు కొనడం, కుర్చీ వెతుక్కోవడం, దీపాలు ఆరిపోవడం, చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా నిశ్శబ్దం కావడం, ఇవే నేటి పూర్వరంగం. కాని ఇంట్లో డిస్కు వేసుకొని చూసేవారికి ఇవేవీ లేవు. పైన దీపం వెలుగుతూనే ఉంటుంది. వంటింట్లో కుక్కరు కూత పెడుతుంది. పక్కింటివారు తోడుకు మజ్జిగ అడగడానికి వస్తారు. ఈ సందడి నడుమ చిత్రానికీ ప్రేక్షకుడికీ మధ్య ఉన్న ఒకే ఒక గుమ్మం డిస్కు మెనూ.

హోటలులో ఫలహారాల పట్టికకు ఏ పేరో దీనికీ అదే పేరు. డిస్కును యంత్రంలో పెట్టగానే తెరమీద ఒక బొమ్మ, దానిపై నాలుగైదు మాటలు కనిపిస్తాయి: సినిమా, ఘట్టాలు, పాటలు, ఉపశీర్షికలు. రిమోటు మీటలతో కావలసినదానిని ఎంచుకోవాలి. చాలామంది దీనిని క్షణకాలం చూసి దాటిపోతారు. అందువలన దీనిని గూర్చి విమర్శ రాసినవారు తక్కువ. అయినా వెనుక బొమ్మ ఏది ఉండాలి, ధ్వని ఏది ఉండాలి, మాటలు ఎక్కడ ఉండాలి అని ఎవరో ఒకరు ఆలోచించి నిర్ణయించిన రచనే అది.

దయ్యాల చిత్రానికి ఈ గుమ్మం దగ్గరే ఒక చిక్కు ఉన్నది. మెనూ స్వభావం ప్రేక్షకుడికి అధికారమివ్వడం. ఏది కావాలో, ఎక్కడి నుండి కావాలో నీవే చెప్పుమని అది అడుగుతుంది. భయానక చిత్రం స్వభావం ఆ అధికారాన్ని లాగివేయడం. చేతిలో రిమోటు ఉన్నవాడు అంత సులభంగా భయపడడు. కనుక దయ్యాల చిత్రపు మెనూ తన పని తాను చేస్తూనే, ఆ చేతిలోని అధికారం మీద ప్రేక్షకుడికి ఎంత అనుమానం కలిగించిందన్నదే అసలు కొలబద్ద. ఈ కొలబద్దతో చూస్తే పుర్రెలు, నెత్తుటి చారలు నింపిన మెనూలు చాలావరకు ఓడిపోతాయి. 2003లో అమెరికాలో వెలువడిన ‘ది రింగ్’ చిత్రపు డిస్కు గెలుస్తుంది. ఎందుకు గెలిచిందో తెలియాలంటే కొంత యంత్రశాస్త్రం, కొంత మనశ్శాస్త్రం కావాలి.

యంత్రం పెట్టిన హద్దులు

ఏ కళను విమర్శించేటప్పుడైనా ముందుగా దాని పరికరాల హద్దులు తెలుసుకోవడం న్యాయం. డి.వి.డి. 12 సెంటీమీటర్ల వ్యాసం గల పళ్లెం. దానిలో సర్పిలాకారంలో తిరిగే ఒక దారి, ఆ దారి పొడవునా కంటికి కనబడనంత చిన్న గుంటలు ఉంటాయి. పాటల సి.డి.లో ఆ దారి వరుసల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, డి.వి.డి.లో అది 0.74 మైక్రోమీటర్లు మాత్రమే. సి.డి.ని చదివే లేసర్ కిరణం తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డి.వి.డి.ని చదివేది 650 నానోమీటర్ల ఎర్రని కిరణం. తరంగదైర్ఘ్యం తగ్గినకొద్దీ కిరణాన్ని ఇంకా చిన్న చుక్కగా కేంద్రీకరించవచ్చు. ఇంకా చిన్న గుంటలను చదవవచ్చు. అందువలన ఒక్క పొరలోనే సుమారు 470 కోట్ల బైట్లు పట్టుతాయి.

మెనూ వెనుక కదిలే బొమ్మ ముప్పై సెకన్లు ఉన్నదనుకుందాం. సెకనుకు 50 లక్షల బిట్ల చొప్పున మొత్తం 15 కోట్ల బిట్లు అవుతాయి. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక అది రెండు కోట్ల బైట్లకు లోపే. 470 కోట్లలో ఇది లెక్కలోనిది కాదు. కాబట్టి మెనూ పేదగా ఉన్నదంటే దానికి కారణం చోటు లేకపోవడమని చెప్పడానికి వీలు లేదు.

అసలైన హద్దు బొత్తాములలో ఉన్నది. మెనూలో మాటలను వెలిగించి చూపే పొర వెనుక బొమ్మకు వేరుగా, దానిపై పరచిన గాజుపలకవలె ఉంటుంది. ఈ పొరలో ప్రతి చుక్కకూ రెండే బిట్లు. రెండు బిట్లతో 00, 01, 10, 11 అని నాలుగే విలువలు రాయవచ్చు కనుక ఏకకాలంలో నాలుగే రంగులు సాధ్యం. వాటిలో ఒకటి సాధారణంగా పారదర్శకం. దాని గుండానే వెనుక బొమ్మ కనబడుతుంది. మిగిలిన మూడు రంగులతో అక్షరాల అంచులను నునుపుగా గీయడం కష్టం. అవి మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. రిమోటు బాణపు మీట నొక్కినప్పుడు యంత్రం చేసేదల్లా ఒక బొత్తాము రంగులను మార్చడం మాత్రమే. మామూలు తెరమీద ఇటువంటి బొత్తాములు 36కు మించకూడదు.

ఈ హద్దు తెలిసిన చిత్రకారుడు మాటలను వెనుక బొమ్మలోనే అందంగా రాయించి, పై పొరను ఒక చిన్న గుర్తుకు మాత్రం వాడుకుంటాడు. మాట పక్కన ఒక ఎర్రని చుక్క, కిటికీలో ఒక దీపం, ఒక గీత. ఇది దయ్యాల చిత్రానికి అనుకూలమైన హద్దే. చీకటి ఇంటి బొమ్మలో నాలుగు కిటికీలు ఉండి, బాణపు మీట నొక్కినప్పుడల్లా ఒక్కొక్క కిటికీలో వెలుగు మారితే, ఆ వెలుగును తానే కదుపుతున్నానని ప్రేక్షకుడికి తెలిసినా, లోపల ఎవరో నడుస్తున్నట్లు ఉంటుంది.

మరొక హద్దు ఆవృత్తి. ముప్పై సెకన్ల బొమ్మ ముగియగానే లేసర్ కిరణాన్ని మోసే భాగం వెనుకకు జరిగి మొదటి చోటును వెదుక్కోవాలి. అనేక యంత్రాలలో ఆ క్షణంలో బొమ్మ నిలిచిపోతుంది, ధ్వని తెగిపోతుంది. తాడులో ముడి చేతికి తగిలినట్లు ఆ తెగుదల చెవికి తగులుతుంది.

ఇవి హద్దులు కాగా, రెండు సౌకర్యాలు కూడా ఉన్నాయి. డి.వి.డి. యంత్రంలో చిన్న గణనయంత్రం ఒకటి ఉన్నది. డిస్కు రచయిత వాడుకోవడానికి దానిలో 16 జ్ఞాపక గదులు కేటాయించారు. ఒక్కొక్క దానిలో 16 బిట్ల సంఖ్య పట్టుతుంది. వాటితోపాటు యాదృచ్ఛిక సంఖ్యను ఇచ్చే ఆదేశం కూడా ఉన్నది. అంటే పాచికలు వేసే శక్తి మెనూకు ఉన్నది. రెండవ సౌకర్యం నిషేధం. డిస్కులోని ఏ భాగం నడుస్తున్నప్పుడు రిమోటు మీటలలో ఏవి పనిచేయకూడదో డిస్కులోనే రాసిపెట్టవచ్చు. కాపీహక్కుల హెచ్చరికను ప్రేక్షకుడు దాటిపోకుండా చూడడం దీని ప్రధానమైన ఉపయోగం.

భయం లెక్క

నాట్యశాస్త్రంలో భయానక రసానికి కారణాలుగా వికృతమైన ధ్వనులు, నక్కల, గుడ్లగూబల అరుపులు, శూన్యగృహాలు, అరణ్యాలు మొదలైనవి చెప్పబడ్డాయి. ఈ జాబితాలో చెవికి సంబంధించినవి ఎక్కువగా ఉండడం గమనించదగినది. శూన్యగృహంలో కూడా కంటికి కనిపించేది ఏమీ లేదు. లేకపోవడమే అక్కడి భయం.

2015లో లూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్ మొదలైన శాస్త్రజ్ఞులు మనుష్యుల కేకలను పరిశీలించారు. మామూలు మాటలలో ధ్వని తీవ్రత సెకనుకు నాలుగైదు సార్లు హెచ్చుతగ్గులు పొందుతుంది. ఆర్తితో వేసిన కేకలో ఈ హెచ్చుతగ్గులు సెకనుకు 30 నుండి 150 సార్లు ఉంటాయి. ఇట్టి ధ్వని చెవికి గరుకుగా తోస్తుంది. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఈ గరుకుతనానికి స్పందిస్తుందని వారు కనుగొన్నారు. దయ్యాల చిత్రాల సంగీతంలో తీగెవాద్యాలను గీరినట్లు వాయించడానికి, మెనూలలో తలుపు కిర్రుమనడానికి ఉన్న ఆధారం ఇటువంటిదే.

అయితే ధ్వని ఒక్కటే చాలదు. 2016లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో ఆర్చీ డి బెర్కర్, అతని సహచరులు ఒక ప్రయోగం జరిపారు. కంప్యూటరు తెరమీద రాళ్లు కనిపిస్తాయి. రాయి కింద పాము ఉన్నదో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి నొప్పి కలిగించే విద్యుద్ఘాతం తగులుతుంది. చెమట, కంటిపాప విస్తరణ కొలిచి చూడగా ఉద్వేగం అందరూ అనుకొనేచోట గరిష్ఠం కాలేదు. ఘాతం తప్పదని తెలిసినప్పటికంటె, తగలవచ్చు తగలకపోవచ్చు అన్నట్లు అవకాశం సగం సగంగా ఉన్నప్పుడే ఉద్వేగం హెచ్చుగా ఉన్నది. తప్పదని తెలిసిన ఆపద కంటె సందిగ్ధమైన ఆపద ఎక్కువ బాధిస్తుందన్నమాట.

మూడవ ప్రయోగం ఇంకా పాతది. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరికి భరించరాని రొదను అనియత వ్యవధులలో వినిపించారు. వారిలో కొందరికి ఒక మీట ఇచ్చి, కావాలంటే దీనితో రొదను ఆపవచ్చు, కాని సాధ్యమైనంతవరకు ఆపకండి అని చెప్పారు. వారిలో అత్యధికులు మీటను ముట్టనే లేదు. అయినా తరువాత ఇచ్చిన పనులలో మీట ఉన్నవారు మీట లేనివారికంటె ఓర్పుగా, తక్కువ తప్పులతో పనిచేశారు. 1972లో ప్రచురించిన గ్రంథంలో వారు ఈ ఫలితాలను వివరించారు. రొద ఇద్దరికీ ఒక్కటే. తేడా అంతా ఆపగలనన్న నమ్మకంలో ఉన్నది.

ఇంట్లో సినిమా చూసేవారి చేతిలోని రిమోటు సరిగ్గా ఆ మీటవంటిదే. నొక్కినా నొక్కకపోయినా అది ధైర్యమిస్తుంది. దయ్యాల చిత్రాన్ని ఇంట్లో చూసినప్పుడు హాలులో చూసినంత భయం కలగకపోవడానికి తెర చిన్నది కావడం ఒక కారణం. ఈ మీట మరొక కారణం.

‘ది రింగ్’ డిస్కు

ఇక గెలిచిన డిస్కును చూడవచ్చు. ‘ది రింగ్’ కథకు మూలం జపానులో కోజీ సుజుకీ 1991లో ప్రచురించిన నవల. 1998లో హిడియో నకాతా దానిని జపాను భాషలో చిత్రంగా తీశాడు. 2002లో గోర్ వెర్బిన్‌స్కీ అమెరికాలో ఇంగ్లీషులో తీశాడు. కథలో ఒక వీడియో టేపు ఉన్నది. దానిలోని దృశ్యాలకు ఒకదానితో ఒకటి పొంతన లేదు. చూడడం ముగియగానే టెలిఫోను మ్రోగుతుంది. చూసినవారికి ఏడు రోజులే గడువు. ఈ కథలో ప్రమాదం అడవిలోనో పాడుబడిన కోటలోనో పొంచి ఉండదు. టెలివిజను ముందు కూర్చుని చూడడంలోనే ఉన్నది.

అమెరికా డిస్కులో ఆ టేపును మొత్తంగా చేర్చారు. కాని మెనూలో దాని పేరు రాయలేదు. కనిపించే మాటల వెలుపల ఒక దాచిన బొత్తాము ఉన్నది. పై పొరలోని రంగులన్నింటినీ పారదర్శకం చేస్తే బొత్తాము ఉండి కూడా కనబడదని ఇంతకుముందు చెప్పిన విషయాన్ని బట్టి పాఠకులే ఊహించగలరు. కుతూహలంతో వెదకి దానిని నొక్కినవారికి టేపు మొదలవుతుంది. మొదలైన తరువాత రిమోటు పనిచేయదు. ఆపడానికి లేదు, ముందుకు జరపడానికి లేదు. టేపు ముగిశాక తెర తిరిగి మెనూకు వస్తుంది. అప్పుడు టెలిఫోను రెండుసార్లు మ్రోగుతుంది. ఆ తరువాతనే రిమోటుకు ప్రాణం వస్తుంది.

ఇందులో పుర్రె లేదు, నెత్తురు లేదు, కేక లేదు. అయినా పైన చెప్పిన మూడు ప్రయోగాలలో రెండింటి ఫలితం దీనిలో కనిపిస్తుంది. మొదటిది మీట. గ్లాస్, సింగర్‌ల ప్రయోగంలో కొందరికి మొదటినుండీ మీట లేదు. ఇక్కడ మీట ఇచ్చి, అది చచ్చిపోయిందని అవసర సమయంలో తెలియజేస్తారు. లేనివాడికంటె పోగొట్టుకున్నవాడికి దిగులు ఎక్కువ. రెండవది సందేహం. టెలిఫోను మ్రోగేది చిత్రం నడుస్తుండగా కాదు, మెనూలో. మెనూ కథకు వెలుపలిదని, అది కేవలం పట్టిక అని ప్రేక్షకుడి నమ్మకం. కనుక ఆ మ్రోత డిస్కులోదా, తమ ఇంటిలోదా అని ఒక క్షణం తల తిప్పి చూడవలసి వస్తుంది. రాయి కింద పాము ఉన్నదా లేదా అన్న స్థితి అదే.

మరొక విశేషం కూడా ఉన్నది. హెచ్చరికల చదువు తప్పనిసరి చేయడానికి పనికివచ్చే నిషేధాన్ని ఈ డిస్కు రచయితలు కథాసాధనంగా మార్చారు. కాపీహక్కుల హెచ్చరిక వద్ద మీట పనిచేయకపోతే విసుగు పుడుతుంది. ఇక్కడ అదే మీట, అదే నిషేధం, కాని పుట్టేది భయం. పరికరం ఒక్కటే అయినా సందర్భాన్ని బట్టి భావం మారుతుందనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

లోపాలు లేకపోలేదు. ఈ ఉపాయం ఒక్కసారికే పనికివస్తుంది. రెండవసారి ఫోను మ్రోగుతుందని ముందే తెలుసు. చిత్రం చూడకముందే ఎవరైనా బొత్తామును కనుగొంటే పొంతన లేని దృశ్యాలు తప్ప ఏమీ అర్థం కావు. పైగా చిత్రంలో మెల్లగా తెలియవలసిన విషయం ముందే వృథా అవుతుంది. కొన్ని కంప్యూటరు ప్రోగ్రాములు డిస్కులోని నిషేధాన్ని లెక్కచేయవు. అట్టి చోట భయమూ లేదు. ఇంటింటా ఒకే రీతిగా మ్రోగే టెలిఫోను ఉన్న కాలానికి ఆ ధ్వని తగినది. జేబులోని ఫోన్లు తలొక రాగం పలికే నేటి ఇంట్లో దాని పట్టు కొంత సడలుతుంది. అయినా తాను చెప్పే కథ ఏమిటో తెలుసుకొని మాట్లాడిన మెనూ ఇది.

మామూలు మెనూలు చేసే పొరపాట్లు

ఓడిపోయే మెనూల పొరపాట్లు ముఖ్యంగా మూడు. మొదటిది, దయ్యం ముఖాన్ని గుమ్మంలోనే చూపడం. గంటన్నరసేపు నీడలలో దాచి చివర చూపిన ముఖం మెనూలో అరచేతి మందాన కనబడితే దర్శకుని శ్రమ వ్యర్థమవుతుంది. ఘట్టాల పట్టిక ఇంకా అన్యాయం చేస్తుంది. ప్రతి ఘట్టానికీ ఒక చిన్న బొమ్మ, ఒక పేరు పెట్టడం వలన ఎవరు చస్తారో, ఎవరు బ్రతుకుతారో చిత్రం మొదలుకాకముందే తెలిసిపోతుంది.

రెండవది, ఎడతెగని రొద. ముప్పై సెకన్ల ధ్వని అయిదు నిమిషాలలో పదిసార్లు తిరుగుతుంది. మొదటి కేకకు ఉలిక్కిపడిన నరమండలం అయిదవ కేకకు పట్టించుకోదు. ఒకే ఉద్దీపన మళ్లీ మళ్లీ వచ్చి, దాని వెంట హాని ఏమీ రాకపోతే స్పందన క్షీణించడం ప్రాణుల సామాన్య ధర్మం. నత్తకు కూడా ఈ ధర్మం ఉన్నది. పదవ కేక నాటికి ప్రేక్షకుడు అలవాటుపడడమే కాక, చిత్రంలోని అసలు కేకకు కూడా సగం మొద్దుబారి ఉంటాడు. మెనూ చిత్రానికి సాయం చేయకపోగా అపకారం చేసిందన్నమాట. దీనికి విరుగుడు డిస్కులోనే ఉన్నది. గాలి చప్పుడు మాత్రమే వినిపించే ఒక బొమ్మ, తలుపు కిర్రుమనే మరొక బొమ్మ సిద్ధం చేసి, యాదృచ్ఛిక సంఖ్యను ఇచ్చే ఆదేశంతో పది ఆవృత్తులలో సగటున ఒకసారి మాత్రమే రెండవది వచ్చేటట్లు చేయవచ్చు. ఎప్పుడు వస్తుందో డిస్కు రచయితకే తెలియదు. చోటుకు కొరత లేదని పైన లెక్క వేసి చూశాము కదా.

మూడవది మన దేశపు డిస్కులకు ప్రత్యేకమైనది: పాటల పట్టిక. తెలుగు చిత్రాల డిస్కులలో పాటలను విడిగా ఎంచుకొనే ఏర్పాటు తరచుగా కనిపించేది. పాట మన సినిమాకు ప్రాణమే; దానిని తీసివేయమనడం తగదు. కాని భయానక చిత్రపు తొలి మెనూలోనే యుగళగీతం వినిపిస్తే గుమ్మంలో శోకాన్ని, పెండ్లి మేళాన్ని కలిపినట్లవుతుంది. పాటలకు లోపలి పుటను కేటాయిస్తే చాలును.

తెలుగు ఇండ్లలో

ఈ గుమ్మాన్ని తెలుగు దేశంలోని చిన్న ఊళ్లు ఏ రీతిగా ఎరుగునో కూడా చూడాలి. తుంగతుర్తి నాడు నల్లగొండ జిల్లాలోను, 2016 అక్టోబరు నుండి సూర్యాపేట జిల్లాలోను ఉన్న మండల కేంద్రం. ఇటువంటి ఊళ్లకు సినిమా మొదట డిస్కుగా వచ్చింది డి.వి.డి. రూపంలో కాదు, దానికంటె చవకైన వి.సి.డి. రూపంలో. 1993లో వెలువడిన ఈ పద్ధతిలో బొమ్మకు అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలే ఉంటాయి. ఒక్కొక్క డిస్కులో సుమారు 74 నిమిషాల చిత్రం పట్టుతుంది. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ సంస్థ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మడం ఆరంభించిన తరువాత కొని దాచుకోవడం కూడా సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ‘చంద్రముఖి’ (2005), ‘అరుంధతి’ (2009) వంటి చిత్రాల కాలం అది.

వి.సి.డి.కి 1995 నాటి సవరణ అంకెల మీటలతో పనిచేసే మెనూకు అవకాశమిచ్చింది గాని, చాలా డిస్కులు మెనూ లేకుండానే నేరుగా చిత్రంలోకి ప్రవేశించేవి. రెండు గంటలకు మించిన చిత్రానికి రెండు డిస్కులు కావాలి. సరిగ్గా కథ బిగువుగా ఉన్నచోట ఒకటవ డిస్కు ముగిసేది. ఎవరో ఒకరు లేచి దీపం వేసి డిస్కు మార్చవలసి వచ్చేది. గుమ్మం ఇంటి ముందు లేక, ఇంటి నడుమ ఉన్నట్లయినది. ఇక కరెంటు పోయి వస్తే డి.వి.డి. యంత్రాలలో పెక్కు ఆగినచోటును మరచి మెనూ దగ్గరకే వచ్చి నిలిచేవి. కోత ఉన్న రాత్రి ఒకే మెనూను రెండు మూడు సార్లు చూడవలసి వచ్చేది. అందుచేత మెనూ రచనలోని మంచిచెడ్డలు ఇటువంటి ఊళ్లలో ఇంకా స్పష్టంగా తెలుస్తాయి.

ప్రేక్షకుడు కూర్చున్న చోటునే భయస్థానం చేయాలన్న ఆలోచన మన చిత్రాలకు కొత్త కాదు. రాంగోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ చిత్రంలో జనంతో నిండి ఉండవలసిన సినిమాహాలు నాయికకు శూన్యంగా కనిపించే ఘట్టం ఉన్నది. ఆ ఘట్టాన్ని హాలులో చూసినవారు తమ పక్క కుర్చీ వైపు చూడక తప్పదు. తరువాత ‘ఇష్క్’, ‘మనం’ చిత్రాలతో తెలుగువారికి పరిచితుడైన విక్రమ్ కుమార్ 2009లో తమిళ, హిందీ భాషలలో తీసిన చిత్రంలో (హిందీలో దాని పేరు ‘13బి’) ఒక కుటుంబం కొత్త ఇంటిలో చూసే టెలివిజను ధారావాహికలోని సంఘటనలే వారి జీవితంలో జరుగుతుంటాయి. హాలును భయస్థానం చేసిన ‘రాత్రి’, టెలివిజనును భయస్థానం చేసిన ‘13బి’, మెనూను భయస్థానం చేసిన ‘ది రింగ్’ డిస్కు ఒకే సూత్రాన్ని అనుసరించినవి. ఇట్టి చిత్రాలకు తగిన మెనూను కాగితంమీద రచించి చూడడం విద్యార్థులకు మంచి అభ్యాసం.

తరగతి గదిలో

ఈనాడు డిస్కులు వెనుకబడ్డాయి. మోసర్ బేర్ సంస్థ 2018లో మూతపడే స్థితికి చేరింది. ఇంటర్నెట్టు ద్వారా వచ్చే సినిమాలకు ఒకే రకపు పట్టిక. దానిలో దయ్యాల చిత్రపు బొమ్మ హాస్యచిత్రపు బొమ్మ పక్కనే ఉంటుంది. పేర్లు పడే భాగాన్ని దాటవేయడానికి కూడా మీట ఉన్నది. ప్రేక్షకుడికి సౌకర్యం హెచ్చింది. చిత్రం తనకు తానుగా గుమ్మం కట్టుకొనే అవకాశం పోయింది. అందుకే ఉన్న డిస్కులను భద్రపరచి, వాటి మెనూలను కూడా చిత్రంలో భాగంగా పరిశీలించడం అవసరం.

ఉపాధ్యాయులు దీనిని ప్రయోగంగా మార్చవచ్చు. పాడుబడిన ఇంటి ఛాయాచిత్రం ఒకటి తీసుకొని ఒక వర్గానికి నిశ్శబ్దంగా, రెండవ వర్గానికి ఎడతెగని కేకలతో, మూడవ వర్గానికి గాలి చప్పుడు మధ్య ఎప్పుడో ఒకసారి వచ్చే కిర్రుమనే ధ్వనితో అయిదు నిమిషాలు చూపాలి. మొదటి నిమిషంలోను, చివరి నిమిషంలోను కలిగిన బెదురును పదికి ఎన్ని మార్కులని విద్యార్థుల చేత రాయించి సగటులు కట్టించాలి. తరువాత ధ్వనిని ఆపే మీటను ఒక వర్గం చేతికిచ్చి, మరొక వర్గానికి ఇవ్వకుండా మళ్లీ చేయాలి. ఇష్టం లేని పిల్లలను బలవంతపెట్టరాదు. ఫలితం ఏదైనా దానిని గ్రాఫుమీద గీయించడం ముఖ్యం.

దీని ప్రయోజనం సినిమా విమర్శతో ఆగదు. తెలంగాణ పల్లెలలో బాణామతి, చేతబడి అన్న మాటలు ఇప్పటికీ వినిపిస్తాయి. ఆ అనుమానంతో నిరపరాధులను కొట్టిన, చంపిన ఘటనలు కూడా జరిగాయి. అట్టి భయాలకు కూడా ముడిసరుకు ఇదే: రాత్రివేళ కనబడకుండా వినబడిన చప్పుడు, జరుగుతుందో జరగదో తెలియని ఆపద, అంతుపట్టని జబ్బు ముందు తన చేతిలో ఏ మీటా లేదన్న నిస్సహాయత. తెరమీద భయాన్ని ఎవరు, ఏ పరికరంతో, ఎన్ని బిట్లతో తయారుచేశారో విప్పి చూడడం నేర్చిన విద్యార్థి ఊరిలో వినిపించే చప్పుడును కూడా అదే విధంగా విప్పి చూస్తాడు. గాలికి ఊగే రేకు ఏది, పైకప్పులో తిరిగే పిల్లి ఏది అని వెదకుతాడు. అనుమానానికి గురైన ముసలమ్మ ఇంటి మీదికి జనం కదలకముందే ఆ సంగతి చెప్పగలుగుతాడు.